‘ఆబ్సల్యూట్’ అనగా నేమి?



ఆంగ్లభాషయందలి మాటలలో కొన్ని బజారునకు పనికివచ్చును, కొన్ని బడికి పనికివచ్చును, కొన్ని కచ్చేరికి మాత్రమే పనికివచ్చును. బజారు మాటలను మనము వినియే నేర్చుకొందుము. బడి మాటలను పిల్లల పుస్తకములు నేర్పును. కచ్చేరి మాటల నెవ్వరును మనకు నేర్పరు. అయినను మన యిల్లును, మన పొలమును, మన వార్ధక్యమునందలి కూడుగుడ్డలును ఆ మాటలమీదనే యాధారపడియున్నవి. అట్టి మాటలలో నొకదానిని గూర్చి యీ వ్యాసమున ముచ్చటింపదలచితిని. అది ‘ఆబ్సల్యూట్’ అను విశేషణము.

క్రయపత్రమందును, దానపత్రమందును, వీలునామాయందును ఈ మాట తరచుగా కానవచ్చును. ఆంగ్లమున వ్రాసిన దస్తావేజులలో ఇది సాక్షాత్తుగా నుండును. తెలుగున వ్రాసినవానిలో ‘సంపూర్ణ హక్కులతో’ అనియో, ‘దానవిక్రయాది సర్వాధికారములతో’ అనియో వేషము మార్చుకొని యుండును. వేషమేదైనను పాత్ర యొక్కటే. ఈ యొక్క మాట యున్నచోట స్త్రీ యజమానురాలగును. దీనికి మారుగా వేరొక మాట యున్నచోట ఆమె యనుభవించునదిగా మాత్రమే మిగులును. కావున దీని యర్థము తెలిసికొనుట పాండిత్యము కొరకు గాదు, గృహస్థధర్మము కొరకే.

మాట పుట్టుక

ఈ మాట లాటిను భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. ‘అబ్’ అనగా నుండి. ‘సాల్వెరె’ అనగా విప్పుట. ఈ రెండును గలిసి ‘కట్టునుండి విప్పబడినది’ అను నర్థము నిచ్చుచున్నవి. మందులదుకాణములో మనము వినెడు ‘సొల్యూషను’ అను మాటయు ఈ ధాతువునకు చెందినదే. నీటిలో వేసిన వస్తువు తన ముడి విడి కలిసిపోవుటచేత దాని కాపేరు వచ్చినది. క్రైస్తవ దేవాలయములలో గురువు పాపబంధమునుండి విడుదల చేయుటను చెప్పు మాటయు దీనికి తోబుట్టువే.

ఈ పుట్టుకను జ్ఞప్తియందుంచుకొన్నయెడల తక్కిన ప్రయోగము లన్నియు తామే తెలియును. పార్లమెంటుకు గాని శాసనమునకు గాని కట్టుబడక పాలించు రాజును ‘ఆబ్సల్యూట్’ రాజందురు. ఫ్రాన్సుదేశపు పదునాల్గవ లూయీని దీనికి దృష్టాంతముగా చూపుట పరిపాటి. నీరు కలియని సారాయమును రసాయనశాస్త్రజ్ఞులు ‘ఆబ్సల్యూట్’ ఆల్కహాలందురు. ఇంతకంటె చల్లదనము సాధ్యముగాని తుదిమెట్టును ‘ఆబ్సల్యూట్’ సున్న యందురు. అది మన సెంటిగ్రేడు లెక్కలో సున్నకు క్రింద 273.15 డిగ్రీలు. ఇంగ్లండులో వివాహవిచ్ఛేదమునకు మొదట నొక షరతుగల డిక్రీ నిచ్చి, కొంత గడువు గడచిన పిమ్మట దానిని ‘ఆబ్సల్యూట్’ డిక్రీగా మార్చెడివారు. మొదటిదానియందు ‘కారణము చూపబడినచో తప్ప’ అను ముడి యుండును. రెండవదానియందు ఆ ముడి విప్పబడును. 2022 ఏప్రిలు నుండి అచ్చటివారు ఈ పాతపేళ్లను విడిచి, ‘షరతుగల ఆజ్ఞ’, ‘తుది ఆజ్ఞ’ యను సులభములైన పేళ్లను పెట్టుకొనిరి.

మరియొక విశేషము. ‘తెల్లనిది, మరింత తెల్లనిది’ యని చెప్పవచ్చును గాని, ‘ఆబ్సల్యూట్, మరింత ఆబ్సల్యూట్’ అని చెప్పుట పొసగదు. ఈ విశేషణమునకు తరతమభావము లేదు. ముడి యున్నదా, విడినదా? మధ్యస్థితి లేదు. నేటి యువతీయువకులు సంభాషణలో అవుననుటకు బదులుగా ‘ఆబ్సల్యూట్లీ’ యనుచున్నారు. అది నాలుక చివర పలుకు మాట. అందువలన లాభనష్టములు లేవు. దస్తావేజులోని మాట యట్టిది గాదు. అది యొకరికి కలిమిని, మరియొకరికి లేమిని తెచ్చును.

దీనికి ప్రతిపదము

ఏ మాటకైనను దాని వ్యతిరేకపదము తెలిసినగాని నిజమైన యర్థము తెలియదు. కచ్చేరిలో ‘ఆబ్సల్యూట్’ అను మాటకు వ్యతిరేకము ‘లిమిటెడ్’ అనునది. పరిమితమని దానికి తెలుగు. పరిమితమనగా ఆస్తి కొంచెమని గాదు. నూరెకరముల మాగాణి యైనను పరిమితస్వామ్యముగా నుండవచ్చును. రెండు సెంట్ల పూరిల్లైనను సంపూర్ణస్వామ్యముగా నుండవచ్చును. కొలత నేలకు గాదు, అధికారమునకు.

1956వ సంవత్సరమునకు పూర్వము హిందూవితంతువునకు భర్తవలన సంక్రమించిన యాస్తి యట్టిదే. ఆమె ఫలసాయమును తన యిచ్చవచ్చినట్లు అనుభవింపవచ్చును. ఆమె బ్రతికియున్నంతకాలము ఆ యాస్తియందు మరియొకరికి హక్కు లేదు. అయినను దానిని అమ్ముటకుగాని, తాకట్టు పెట్టుటకుగాని, దానము చేయుటకుగాని ఆమెకు స్వేచ్ఛ లేదు. భర్త ఋణములు తీర్చుట, కుమార్తె పెండ్లి, శ్రాద్ధాది కర్మలు మున్నగు అవసరములు చూపినగాని అమ్మకము చెల్లదు. ఆమె మరణించిన పిమ్మట ఆస్తి ఆమె వారసులకు పోక భర్త వారసులకు మరలిపోవును. ఆ మరలిపోవు హక్కుగలవారినే రివర్షనర్లనిరి. వితంతువు మామిడిచెట్టు కొట్టించినను, ఇల్లు తాకట్టు పెట్టినను వారు కచ్చేరి కెక్కెడివారు.

ఈ కట్టు ఎంత గట్టిదో తెలుపుటకు మన తెలుగునాటి వ్యాజ్యమొకటి కలదు. మచిలీపట్టణపు కలెక్టరు ఒక పక్షమున నుండి ప్రీవీ కౌన్సిలు దనుక నడపిన యా వ్యాజ్యము 1861లో తీర్పు చేయబడినది. ఒక బ్రాహ్మణ జమీందారుని వితంతువు ఋణము చేసి మరణించినది. వారసుడెవ్వడును లేకపోవుటచేత ఆస్తి సర్కారునకు సంక్రమించినది. అభ్యంతరము చెప్పుటకు దాయాదులే లేనప్పుడు ఆమె చేసిన తాకట్టు చెల్లవలదా యని ఋణదాత వాదించెను. చెల్లదనియు, అవసరమును ఋజువు చేయవలసినదే యనియు న్యాయాధిపతులు నిర్ణయించిరి. ఆ కట్టు దాయాదుల రక్షణకొరకు ఏర్పడినది గాదట. స్త్రీ యొక్క స్వామ్యముతోనే పుట్టినదట. కావున అనుభవించు దాయాది లేకున్నను కట్టు విడదట! సోదరీమణులు ఆలోచింపవలెను. ఎవరికొరకు కాపలాయో వారు లేకపోయినను కాపలా మాత్రము తప్పలేదు.

ఇది మన ధర్మశాస్త్రముల తప్పని కొంద రనుకొందురు. అంత తేలికగా ననరాదు. స్త్రీధనమును లెక్కించుచు యాజ్ఞవల్క్యుడు కొన్నింటిని పేర్కొని చివర ‘ఆద్య’ మను పదమును వేసెను, అనగా ‘మొదలైనవి’. పశ్చిమ చాళుక్యుల కాలమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు ఆ చిన్నపదమును విప్పి, వారసత్వముగా వచ్చినది, కొన్నది, పంపకములో వచ్చినది, దొరకినది, ఇవి యన్నియు స్త్రీధనమే యని వ్యాఖ్యానించెను. పదుమూడవ శతాబ్దమున మన కేతనకవి ఆ గ్రంథమును ‘విజ్ఞానేశ్వరీయ’ మను పేర తెనుగుచేసెను. కాని ఆంగ్లప్రభుత్వకాలపు న్యాయస్థానములు ఈ వ్యాఖ్యానమును పూర్తిగా నంగీకరింపలేదు. పురుషునివలన వారసత్వముగా వచ్చినది స్త్రీధనము గాదనిరి. అందును దేశభేదము. తండ్రియాస్తిని వారసురాలై పొందిన కుమార్తె బొంబాయి రాజధానిలో సంపూర్ణస్వామిని. మన మద్రాసు రాజధానిలో పరిమితస్వామిని! ఒకే శాస్త్రము, ఒకే గ్రంథము, ఒకే కుమార్తె. విశేషణము మాత్రము వేరు.

ముడి విడిన విధము

1937లో దేశముఖు గారి ప్రయత్నమున హిందూస్త్రీల ఆస్తిహక్కుల చట్టము వచ్చినది. అవిభక్తకుటుంబమున భర్త గతించినయెడల అతని భాగమునకు వితంతువు హక్కుదారురాలు కాగలిగినది. అది గొప్ప మేలే. కాని ఆ హక్కునకును ‘లిమిటెడ్’ అను విశేషణమే తగిలింపబడినది. పైగా వ్యవసాయభూములకు ఆ చట్టము వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టువారు చెప్పిరి. మద్రాసు రాష్ట్రమున 1947లో వేరొక చట్టము చేసి ఆ లోపమును దీర్చిరి.

1956 జూను 17వ తేదీన హిందూ వారసత్వచట్టము వెలువడినది. అందు 14వ సెక్షను మన స్త్రీలందరును కంఠస్థము చేయదగినది. హిందూస్త్రీ యొక్క యాస్తి ఆమెకు ‘ఆబ్సల్యూట్’ ఆస్తి యగునని దాని శీర్షిక. స్త్రీ స్వాధీనమందున్న యాస్తి, చట్టమునకు ముందు సంపాదించినదైనను పిమ్మట సంపాదించినదైనను, ఆమె పరిమితస్వామినిగా గాక పూర్ణస్వామినిగా కలిగియుండునని దాని తాత్పర్యము. ఏ యాస్తి యని సందేహము రాకుండ ఒక వివరణమును చేర్చిరి: వారసత్వమున వచ్చినది, పంపకమున వచ్చినది, మనోవర్తికి బదులుగా నిచ్చినది, పెండ్లికి ముందుగాని పిమ్మటగాని యెవరైన నిచ్చినది, తన నేర్పుచే సంపాదించినది, కొన్నది, స్త్రీధనము. విజ్ఞానేశ్వరుడు ‘ఆద్య’ పదమునుండి విప్పిన పట్టిక యెన్నో శతాబ్దములకు మరల చట్టములో కెక్కినదని తోచుచున్నది గదా!

అయితే ఆ సెక్షనుకు రెండవ యుపవిభాగ మొకటి కలదు. దానపత్రముగాని, వీలునామాగాని, డిక్రీగాని స్త్రీకి పరిమితమైన హక్కునే యిచ్చినయెడల మొదటి యుపవిభాగము వర్తింపదని దాని సారాంశము. ఒక చేతితో విప్పిన ముడిని రెండవచేతితో మరల వేయుటకు అవకాశ ముంచిరన్నమాట. ఈ రెండు ముక్కల నడుమ నలిగిన వ్యాజ్యములు లెక్కలేనన్ని. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది మన నెల్లూరునుండి బయలుదేరినదే.

తులసమ్మ వ్యాజ్యమని న్యాయవాదు లందరును దాని నెఱుగుదురు. ఆమె భర్త 1931లో, సవతిసోదరునితో అవిభక్తుడై యుండగానే మరణించెను. ఆమె 1944లో మనోవర్తికై నెల్లూరు జిల్లా మునసబు కోర్టులో వ్యాజ్యము వేసినది. తుదకు రాజీ కుదిరి 1949లో నమోదైనది. దాని ప్రకారము కొన్ని భూములు ఆమెకు జీవితాంతము అనుభవమునకు మాత్రమే యియ్యబడినవి. అమ్ముకొను నధికారము లేదు. ఆమె యనంతరము భూములు మరదికి చేరవలెను. 1956 చట్టము వచ్చిన పిమ్మట, 1960, 1961 సంవత్సరములలో ఆమె కొంత కౌలున కిచ్చి కొంత అమ్మినది. అధికారము లేదని మరది దావా వేసెను. మునసబుగారు ఆమెకు ప్రతికూలముగా తీర్పు చెప్పిరి. జిల్లా జడ్జిగారు అనుకూలముగా చెప్పిరి. హైకోర్టువారు మరల ప్రతికూలముగా చెప్పిరి. 1977లో సుప్రీముకోర్టువారు ఆమెకే విజయము గలిగించిరి.

ఆ తీర్పునందలి న్యాయమును ప్రతి స్త్రీయు గ్రహింపవలెను. ఆ రాజీ ఆమెకు కొత్తగా దయతో నొక హక్కు నిచ్చినది గాదు. భర్త యింటి యాస్తినుండి పోషణ పొందు హక్కు ఆమెకు అంతకుముందే కలదు. రాజీ దానిని గుర్తించినది మాత్రమే. ఉన్న హక్కునకు బదులుగా వచ్చిన యాస్తి మొదటి యుపవిభాగము క్రిందికే వచ్చును. దానికి రాజీపత్రములో తగిలించిన ‘పరిమిత’ విశేషణము 1956లోనే రాలిపోయినది. పూర్వము ఏ హక్కును లేని స్త్రీకి ఎవరైన దయచేసి కొత్తగా నిచ్చినప్పుడు మాత్రమే రెండవ యుపవిభాగము వర్తించునని న్యాయమూర్తులు వివరించిరి.

తులసమ్మ మనోవర్తి యడిగిననాటికిని, భూమి ఆమెదేయని తేలిననాటికిని నడుమ ముప్పదిమూడేండ్లు గడచినవి. ఒక విశేషణము కొరకు ఒక స్త్రీ జీవితములో నింతకాలము! ఈ వివాదము అంతటితో ముగియలేదు. ఆ పిమ్మట వచ్చిన తీర్పులలో కొన్ని యొకవిధముగను, కొన్ని మరియొకవిధముగను ఉండుటచేత, రెండుపవిభాగముల సంబంధమును స్పష్టపరచుటకై విషయమును పెద్ద ధర్మాసనమున కప్పగింపవలెనని 2024 డిసెంబరులో సుప్రీముకోర్టు న్యాయమూర్తు లిద్దరు ఆజ్ఞాపించిరి. కావున పత్రము వ్రాయునాడే స్పష్టముగా వ్రాయించుకొనుట, కోర్టులో స్పష్టత వెదకుటకంటె వేయిరెట్లు మేలు.

ఇదియంతయు హిందూస్త్రీలను గూర్చినది. ముస్లిముల ధర్మశాస్త్రమున స్త్రీ భాగము పురుషుని భాగముకంటె తక్కువైనను, వచ్చిన భాగము మొదటినుండియు ఆమెకు సంపూర్ణస్వామ్యమే. వైధవ్యముచేత స్వామ్యము పరిమితమగుట యందు లేదు.

కాగితములో చూడవలసినవి

ఇక మన చేతికి వచ్చిన పత్రములో ఈ విశేషణము నెట్లు గుర్తింపవలెను?

ముడి విప్పు మాటలు కొన్ని యున్నవి: ‘సర్వహక్కులతో’, ‘దాన విక్రయ వినిమయాది సర్వాధికారములతో’, ‘పుత్రపౌత్ర పారంపర్యముగా’, ‘నిరాటంకముగా’. వీనిలో పుత్రపౌత్రులమాట యున్నంతమాత్రమున అది మగవారి కొరకే యని భయపడనక్కరలేదు. అది వారసత్వముగా దిగు సంపూర్ణహక్కును తెలుపు వాడుకమాట యనియు, స్త్రీకి వ్రాసినప్పుడును అదియే యర్థమనియు పూర్వమే న్యాయస్థానములు చెప్పినవి. అట్లే ‘మాలికు’ అను నురుదూమాట స్త్రీ విషయమున వాడబడినను యజమాని యనియే యర్థము చేసికొనవలెనని, సందర్భమందు వేరొక యభిప్రాయము కానవచ్చిననే తప్ప దానిని తగ్గింపరాదని ప్రీవీ కౌన్సిలువారు ఇరువదవ శతాబ్దారంభమున నిర్ణయించిరి.

ముడి వేయు మాటలు మరికొన్ని: ‘జీవితాంతము అనుభవించి’, ‘తదనంతరము’, ‘అన్యాక్రాంతము చేయు అధికారము లేకుండ’, ‘ఫలసాయము మాత్రము’, ‘శేషహక్కు ఫలానావారికి’. ఈ మాటలు వాక్యపు మొదట నుండవు. పొగడ్తలు, ప్రేమవాక్యములు, సరిహద్దులు అన్నియు గడచిన పిమ్మట చివర నెక్కడనో సన్నని వాక్యముగా నుండును. కావున పత్రమును చివరినుండి మొదటికి చదువుట మంచి యలవాటు.

పత్రములో ‘ఆబ్సల్యూట్’ అను మాట లేనంతమాత్రమున హక్కు సంపూర్ణము గాకపోదు. 1882 సంవత్సరపు ఆస్తిబదలాయింపు చట్టము ప్రకారము, వేరొక యభిప్రాయము కానరానిచో, ఇచ్చువానికి గల హక్కంతయు పుచ్చుకొనువానికి పోవును. వీలునామాల విషయమున 1925 సంవత్సరపు ఇండియను సక్సెషను ఆక్టుయు అట్లే చెప్పుచున్నది. కావున విప్పు మాట లేకపోవుటకంటె వేయు మాట యుండుటయే యెక్కువ ప్రమాదకరము.

రెండు విధములైన మాటలు ఒకే పత్రములో నున్నచో నేమగును? ఇచ్చట నొక చిత్రము కలదు. దానపత్రమునందు మొదటి వాక్యమున సంపూర్ణహక్కు నిచ్చి, తరువాతి వాక్యమున అమ్మరాదని నిర్బంధించినచో, సాధారణముగా మొదటిదే నిలుచును. ఇచ్చిన తరువాత కట్టివేయుట చెల్లదు. వీలునామాయందు రెండు వాక్యములను పొసగించుట యెంతమాత్రమును సాధ్యము గానప్పుడు కడపటి వాక్యము నిలుచును. ఏలయన వీలునామా మరణించువాని తుది కోరిక. తుది మాటయే తుది కోరికకు గురుతు. ఒకే వాక్యద్వయము దానపత్రములో నొక ఫలమును, వీలునామాలో నింకొక ఫలమును ఇయ్యవచ్చును. కనుక చేతిలో నున్న కాగితము దానపత్రమో వీలునామాయో ముందుగా తెలిసికొనవలెను.

పుచ్చుకొనునప్పుడే గాదు, ఇచ్చునప్పుడును

ఇంతవరకు ఈ విశేషణము స్త్రీకి మిత్రమువలె కనబడినది. పుచ్చుకొనునప్పుడు ఇది మిత్రమే. ఇచ్చునప్పుడు మాత్రము దీనిని చూచి జాగ్రత్తపడవలెను.

వృద్ధురాలైన తల్లి తన యిల్లును కుమారునికో కుమార్తెకో వ్రాసియిచ్చుట మన యిండ్లలో సామాన్యమే. ‘అమ్మా, ఎప్పటికైనను మాదేగదా, ఇప్పుడే వ్రాసిన ఖర్చు తగ్గును’ అని బిడ్డ లందురు. తల్లి మనస్సు కరగును. రిజిస్టరు కచ్చేరిలో వ్రేలిముద్రయో సంతకమో పడును. ఆ పత్రములో ‘ఆబ్సల్యూట్’ అను మాటయో దాని తెలుగో యున్నయెడల ఆ నిమిషమునుండి ఆ యింటియం దామె యతిథి. స్వీకరింపబడిన దానమును మనస్సు మారినదని రద్దు చేసికొనుటకు వీలులేదు. కోడలు మంచిదైన మంచిదే. కొడుకు బ్రతికిన మంచిదే. కాలము తలక్రిందులైనచో ఆ వృద్ధురాలికి వసారాయే గతి.

ఇట్టివారి కొరకే 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము చేయబడినది. ఆస్తి నిచ్చిన వృద్ధులకు కనీస వసతులును పోషణమును కల్పింపవలెనను షరతు గల బదలాయింపు, ఆ షరతు నెరవేరనిచో, ట్రిబ్యునలుచే చెల్లనిదిగా ప్రకటింపబడవచ్చునని దాని 23వ సెక్షను చెప్పుచున్నది. ఆ షరతు ఉన్నట్లు ఋజువు కావలసినదేయని సుప్రీముకోర్టువారు 2022లో నొక వ్యాజ్యమున చెప్పిరి. 2025 జనవరిలో మరియొక తల్లి వ్యాజ్యమున, ఈ చట్టము వృద్ధుల మేలుకొరకే పుట్టినది గనుక ఉదారముగా నర్థము చేసికొనవలెనని చెప్పి, ఆమె యిచ్చిన దానమును రద్దుపరచిరి. చట్టము చేయూత నిచ్చుచున్నది, నిజమే. కాని షరతు దానపత్రములోనే వ్రాయబడియున్నచో ఆ చేయూత త్వరగా నందును. ‘సర్వాధికారములతో నిచ్చితిని’ అని మాత్రమే యున్నచో పోరాటము తప్పదు.

కావున ఇచ్చు తల్లులు మూడు మార్గములలో నొకదాని నెంచుకొనుట మేలు. మొదటిది, ఇప్పుడేమియు నియ్యక వీలునామా వ్రాయుట. బ్రతికియున్నంతకాలము దానిని ఎన్నిసారులైనను మార్చుకొనవచ్చును. రెండవది, దానము చేసినను ‘నా జీవితాంతము ఈ యింట నివసించు హక్కును, దీని రాబడిని అనుభవించు హక్కును నాకే యుంచుకొంటిని’ అని స్పష్టముగా వ్రాయించుట. మూడవది, పోషణ షరతును పత్రములోనే చేర్చుట. ఇట్లు వ్రాయుమన్నంత మాత్రమున బిడ్డలయం దనుమాన మున్నదని గాదు. గట్టులేని చెరువును ఎవరు నమ్ముదురు? గట్టు వేయుట నీటిని ద్వేషించుట గాదుగదా.

చివరిమాట

‘ఆబ్సల్యూట్’ అనగా సర్వమునకు అతీతమని గూడ భ్రమపడరాదు. సంపూర్ణస్వామ్యము గల యింటికిని పన్ను కట్టవలెను. తాకట్టు పెట్టినచో అప్పు తీర్చవలెను. ప్రజావసరమునకు ప్రభుత్వము పరిహార మిచ్చి తీసికొనవచ్చును. ఈ విశేషణము విప్పునది దాయాదుల ముడిని, మరణానంతరపు ముడిని, అమ్ముకొనరాదను ముడిని; చట్టపు ముడిని గాదు.

చదువు వచ్చిన స్త్రీ యింటిలో నున్నయెడల ఆ యింటి కాగితములకు కన్నులు వచ్చినట్లే. ఈ నెలలో నొక తీరికవేళ మీ పేర నున్న పత్రములను, మీ తల్లిగారి పేర, అత్తగారి పేర నున్న పత్రములను తీసి చదువుడు. ‘సంపూర్ణ’ మని యున్నదా, ‘జీవితాంత’ మని యున్నదా గుర్తింపుడు. సందేహమున్నచోట పెన్సిలుతో గీత గీసి, నమ్మదగిన న్యాయవాదికి చూపుడు. ఆయన చెప్పినదానిని ఒక కాగితముపై వ్రాసికొనుడు. మీ కుమార్తెలకు ఈ మాటయొక్క యర్థమును చెప్పుడు. కుమారులకును చెప్పుడు, రేపు తమ భార్యలకు ఏమి వ్రాయవలెనో వారికిని తెలియవలెను. నగను తూచి చూడక కొనము. పట్టుచీర అంచును వెలుతురులో పరికింపక తీసికొనము. వానికంటె వేయిరెట్లు విలువగల యింటిని, ఒక్క విశేషణమును చూడక తీసికొనుటయు, ఇచ్చుటయు మనకు తగునా?